చెప్పులు విప్పమనే డాక్టరు

విశాఖ సీతమ్మధార రోడ్ల మీద స్కిన్ క్లినిక్ బోర్డులకు కొదవ లేదు. మెరిసే మొహం బొమ్మ, కింద లేజర్, పీలింగ్, జుట్టు నాటడం. చర్మానికి క్యాన్సర్ వస్తుందన్న మాట మాత్రం మనకు డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో ఫోన్లో వినబడుతుంది. "అమ్మా, నువ్వూ నాన్నా ఏడాదికోసారి పుట్టుమచ్చలు చూపించుకోండి."

పిల్లల ప్రేమకు వంక పెట్టను గానీ, ఆ సలహా తెల్లటి ఒళ్లున్న వాళ్లను చూసి పుట్టింది. ఏ ఇబ్బందీ లేని పెద్దలందరికీ అలా పరీక్షలు చెయ్యాలో వద్దో తేల్చడానికి తగిన ఆధారాలు లేవని అమెరికాలో నివారణ వైద్య నిపుణుల బృందమే 2023లో చెప్పింది. మన చామనఛాయ, నలుపు ఎండను బాగానే తట్టుకుంటాయి. ఎండతో పని లేకుండా వచ్చే మెలనోమా అనే చర్మ క్యాన్సర్ వేరే ఉంది. అది అరికాల్లో, అరచేతిలో, గోటి కింద పుడుతుంది. పాటగాడు బాబ్ మార్లే 1981లో పోయింది కాలి బొటనవేలి గోటి కింద మొదలైన దానితోనే. మన ఇళ్లలో అయితే అరికాల్లో వచ్చినదాన్ని ఆనికాయ అనుకుని బ్లేడుతో చెక్కేస్తాం.

అంతకంటే ఎక్కువగా అనుమానించాల్సింది మానని పుండును. ఎప్పుడో పొయ్యి దగ్గర కాలిన మచ్చ మీదో, కుష్ఠు వల్ల స్పర్శ పోయిన పాదంలోనో ఏళ్ల తరబడి రసి కారే పుండు క్యాన్సర్‌గా మారవచ్చు. పొగగొట్టాలు తుడిచే పనివాళ్ల చర్మానికి మసి వల్ల క్యాన్సర్ వస్తోందని లండన్‌లో వైద్యుడు పెర్సివల్ పాట్ 1775లోనే రాశాడు. ఉక్కు ఊరు మనది. తారుతో, మసితో పని చేసినవాళ్లు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.

ఇంతకీ ఏ డాక్టరు? బోర్డు మీద పేరు పక్కన డి.వి.ఎల్. అన్న అక్షరాలు వెతకండి. చర్మం, సుఖవ్యాధులు, కుష్ఠు, మూడూ చదివారని అర్థం. కాస్మెటాలజీ సర్టిఫికెట్ దానికి సాటి రాదు. ఇక లోపలికి వెళ్లాక ఆయనో ఆవిడో ఏం చేస్తారో గమనించండి. చెప్పులు విప్పమన్నారా? వేళ్ల సందులు చూశారా? ఇంతకుముందు ఏ క్రీములు పూశారని అడిగారా? ఈ ప్రశ్న చిన్నది కాదు. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ ట్యూబులతో మొహాలు పాడుచేసుకున్నవాళ్లు ఎంతోమంది. చీటీ లేకుండా వాటిని అమ్మకూడదని 2018లో ప్రభుత్వం నిబంధన బిగించింది కూడా. మచ్చ చూడకముందే తెల్లబరిచే ప్యాకేజీ ధర చెప్పేవాళ్ల దగ్గర నేనైతే కూర్చోను.

అనుమానం వస్తే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలంటారు. కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుందన్న భయం మనవాళ్లలో గట్టిగా ఉంది. అది ఉత్త భయం. అసలు నష్టం ఆలస్యం వల్ల. క్లినిక్ ఫీజు భారమైతే ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో చర్మవ్యాధుల విభాగం ఉంది. క్యాన్సర్ అని తేలినా అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా ఆస్పత్రి ఉంది, ముంబై దాకా పోనక్కర్లేదు. చూపించుకోవడానికి వెళ్లే ముందు గోళ్లరంగు తుడిచేయండి. ఇంట్లో వాడిన ట్యూబులన్నీ, ఖాళీవైనా సరే, సంచిలో వేసుకెళ్లండి.

— తీరవాసి