చేలలో దీపపు వేట

నగరికొండల నీడను సేద్యము చేసికొని బ్రదుకు మనకు కుందేలు క్రొత్త ప్రాణి గాదు. చెవులపిల్లి యని దానిని ముద్దుగా బిలుచుచు, వేరుసెనగ మొలకలను గొఱికిననాడు దానినే తిట్టుచు మన పెద్దలు కాలము గడపిరి. పండుగనాడు కుఱ్ఱవాండ్రు కఱ్ఱలు, కుక్కలు గొని బీళ్లవెంట దానిని తఱుముటయు మనము చూచినదే. ఆ వేటలో పదిమారులకు తొమ్మిదిమారులు కుందేలే గెలుచుచుండెను. వేటకాండ్రు చెమటలు గ్రక్కుచు వట్టిచేతులతో నింటికి వచ్చి, దొరకని కుందేటినిగూర్చి పెద్ద పెద్ద కథలు చెప్పుచుండిరి.

ఇటీవల మన చేలలోనికి మఱియొక వేట ప్రవేశించినది. దానినిగూర్చి సంఘ సభ్యులతో నాలుగు మాటలు చెప్పవలయునని యీ నెల పూనుకొంటిమి.

ప్రొద్దు గూకి ఊరు మాటుమణిగిన పిమ్మట మోటారుసైకిళ్లపై ముగ్గురు నలుగురు వత్తురు. ఒకని నెత్తికి బ్యాటరీ దీపము, ఒకని చేతిలో గాలితుపాకి, మఱియొకని భుజమున గోనెసంచి. దీపము చేనిపై ద్రిప్పుదురు. వెలుగు కన్నులబడగానే కుందేలు పరుగిడుట మఱచి బెదరి నిలిచిపోవును. దాని కన్నులు నిప్పుకణికలవలె మెఱయును. ఆ మెఱపును గుఱిచేసి గుండు విడుతురు. ఇందు పరుగు లేదు, పోటీ లేదు, నేర్పును లేదు. దీనిని వేట యనుటకంటె దొంగతన మనుట మేలు.

అయినను మేము కుందేటిపై జాలితో మాత్రమే యీ వ్రాత వ్రాయుట లేదు. ముందుగా మనుష్యుని సంగతి చెప్పెదము.

మొన్నటి వేరుసెనగ కాలమున మేము చేని కావలికి పోయి, మంచెప్రక్కన నులకమంచముపై పరుండియుంటిమి. మంచపుకోటికి మేకపిల్ల యొకటి కట్టబడియుండెను. నడిరేయి వంకయొడ్డున వెలుగు కనబడెను. ఎవరో నీటికట్టు చూచుకొనుటకు వచ్చిరని తలంచితిమి. ఇంతలో తలదాపున నున్న రేకుబకెట్టు టంగుమని మ్రోగెను. మేము కేకవేయగా దీపము ఆరిపోయెను, మోటారుసైకిలు కూత దూరమయ్యెను. తెల్లవారినపిమ్మట చూడగా బకెట్టున సొట్ట, దాని క్రింద అణగిపోయిన సీసపుగుండు. మంచమునకును బకెట్టునకును నడుమ జానెడు దూరమే యుండెను.

వచ్చినవారు దుర్మార్గులని మేమనము. వారు మేకకన్నులను చూచి కుందేటికన్ను లనుకొనియుందురు. ఇక్కడనే యున్నది చిక్కు. మేక, ఆవు, కుక్క, పిల్లి మొదలగువాని కన్నులును దీపమునకు మెఱయును. కంబళి కప్పుకొని నిద్రించు మనుష్యుని కన్ను మెఱయదు. కావున దీపపు వేటకానికి కనబడునది గుఱి యొక్కటే. ఆ గుఱి ప్రక్కన నెవరున్నారో, వెనుక నెవరున్నారో కనబడదు. పగటివేళ కఱ్ఱ విసరువాడు మనుష్యుని చూచి చేయి నిలుపుకొనును. రాత్రి దీపము పెట్టి గుండు విడుచువాడు నిలుపుకొనజాలడు. నీరు కట్టుటకు రాత్రులయందే కరెంటు వచ్చు చేలలో మన బిడ్డలు, మన యాడువారును తిరుగుచుందురు గదా! గాలితుపాకి గుండు చిన్నదే కావచ్చును. కంటికి దగిలిన కన్ను పోవుటకు చిన్నగుండే చాలును.

‘గాలితుపాకికి లైసెన్సు అక్కఱలేదు, కావున దోషము లేదు’ అని కొందఱు కుఱ్ఱలు వాదించుచున్నారు. ఇందు సగము మాత్రమే నిజము. 2016వ సంవత్సరపు ఆయుధ నిబంధనల ప్రకారము గొట్టపు వ్యాసము 0.177 అంగుళమునకు గాని, గుండు శక్తి 20 జౌళ్లకు గాని మించిన గాలితుపాకికి లైసెన్సు కావలయును. అంతకు లోబడినదానిని లైసెన్సు లేక యుంచుకొనవచ్చును. అయితే తుపాకి నుంచుకొనుట వేఱు, దానితో అడవిజంతువును గొట్టుట వేఱు. కత్తి కొనుటకు ఎవరి యనుమతియు అక్కఱలేదు. అంతమాత్రమున ఎదుటివాని గొంతు కోయవచ్చునా?

1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టమునందు మన కుందేలు రక్షింపబడిన జంతువుల పట్టికలో నున్నది. మొదట ఆ చట్టమున కొన్ని జంతువుల వేటకు అనుమతిపత్రము లిచ్చు పద్ధతి యుండెను. 1991లో జరిగిన సవరణతో అదియు పోయినది. చంపుట మాత్రమే గాదు, పట్టుటయు, ఉచ్చులు పన్నుటయు, అందుకు ప్రయత్నించుటయు వేటయే యని చట్టము చెప్పుచున్నది. 2022 సవరణ పిమ్మట ఇట్టి నేరమునకు మూడేండ్లవఱకు ఖైదుగాని, లక్ష రూపాయలవఱకు జుల్మానాగాని, రెండునుగాని విధింపవచ్చును. తుపాకిని, బండిని స్వాధీనపఱచుకొనుటకు అధికారులకు హక్కు గలదు. నేరమునకు తోడ్పడినవారును శిక్షార్హులే. ‘నా చేనిలో కొట్టుకొనుడు, నాకొక కుందేలు ఇండు’ అని ఒప్పుకొను రైతు ఈ మాట గుర్తుంచుకొనవలయును. ఎల్లదాటి పళ్లిపట్టు ప్రక్కకో, తిరుత్తణి ప్రక్కకో పోయినను ఇదే చట్టము. ఇది కేంద్రప్రభుత్వపు చట్టము గనుక రాష్ట్రపు సరిహద్దు వేటకానిని గాపాడదు.

ఇక రైతుపక్షమున చెప్పు మాటయు వినవలయును. ‘అయ్యా, మీరు చట్టము చెప్పుదురు. మొలక పోయినది మాది. విత్తనమునకు అప్పు చేసినది మేము. కుందేలు తిన్నదానికి చట్టము కట్టియిచ్చునా?’ అని మా మొగమెదుటనే యడిగిన సభ్యులు గలరు. వారి బాధ అబద్ధము గాదు. వేరుసెనగ మొలచిన మొదటి రెండు మూడు వారములలో లేతయాకును కుందేలు కొఱుకును. నాటిన మామిడిమొక్కల బెరడును గీరును. అయితే ఒకమాట విచారింపుడు. ఏడాది యంతయు మన చేలకు జరుగు నష్టములో కుందేటి పాలెంత? అడవిపందులు ఒక్కరాత్రిలో చేసిపోవు పాటి చెఱుపు కుందేళ్లు కాలమంతయు చేయగలవా? ఎలుకల మాటయేమి? దీపపు వేటకాండ్రు పందిజోలికి పోరు. ఎలుకలను దిను గుడ్లగూబ కనబడిన దానిని గూడ గొట్టి పడవేయుదురు. గట్లు త్రొక్కి, కంచెముండ్లు తొలగించి, నాలుగు సెనగచెట్లు పెఱికి నములుకొనుచు పోవుదురు. కుందేటివలన పోయినది వారి లెక్కలో వ్రాయుదుము, వారివలన పోయినది ఎవరి లెక్కలో వ్రాయవలయును?

సీమదేశములలో రైతులు రాత్రులందు తుపాకులతో కుందేళ్లను గొట్టుట వాడుకయని చదువుకొన్న కుఱ్ఱలు సెల్‌ఫోనులో చూచి చెప్పుచున్నారు. అదియు నిజమే. కాని అక్కడి జంతువు వేఱు, ఇక్కడి జంతువు వేఱు. వారిది బొఱియలు త్రవ్వుకొని గుంపులుగా బ్రదుకు జాతి. దాని పిల్లలు వెండ్రుకలు లేక, కన్నులు తెఱవక పుట్టును. ఏటికి పలుమారులు ఈనును. 1859లో థామస్ ఆస్టిన్ అను భూస్వామి వేటసరదాకై ఇంగ్లండునుండి ఆ జాతిని తెప్పించి ఆస్ట్రేలియాలో విడిచెను. కొలది దశాబ్దములలో అది దేశమును కమ్ముకొనెను. 1901 మొదలు 1907 వఱకు పడమటి ఆస్ట్రేలియాలో దానిని ఆపుటకు వేయి మైళ్లకు పైబడిన కంచె వేసిరి, అయినను ఆగలేదు. తుదకు 1950లో దానికి రోగము నంటించు సూక్ష్మజీవిని విడువవలసివచ్చెను. అదియంతయు ఒక్కని వేటసరదా తెచ్చిన కీడు.

మన చెవులపిల్లి యట్టిది గాదు. అది బొఱియ త్రవ్వదు. పొదక్రింద, కసువుచాటున పల్లముచేసికొని పగలంతయు పడియుండును. ఈతకు ఒకటో, రెండో, మహాయైన మూడు నాలుగో పిల్లలు. అవి వెండ్రుకలతో, తెఱచిన కన్నులతో పుట్టును. ఇది ఈ నేలకు తగినట్లు పెరిగిన ప్రాణి. నక్కకు, అడవిపిల్లికి, గ్రద్దకు ఆహారము. పరదేశపు మందును మన రోగమునకు వాడినచో ఫలితమేమగునో సభ్యు లెఱుగుదురు.

మఱియు గాలితుపాకి గుండు తగిలిన ప్రతి కుందేలును అక్కడనే చావదు. కాలు విఱిగి, కడుపు చిల్లులువడి పొదలలో దూఱి రెండు మూడు దినములకు చచ్చును. అట్టిదానిని వంకలో మేము చూచితిమి. దానిని కుక్క తినును, నక్క తినును; దానిలోని సీసము వానికిని విషమే. ఇంటికి దెచ్చి వండుకొన్నదానిలోని సీసము మన బిడ్డలకును విషమే.

అయినచో పైరును గాపాడుకొనుట యెట్లు? మాకు తోచినది మనవి చేయుచున్నాము. కుందేలు ఎగిరి దాటుటకంటె క్రిందినుండి దూఱుటకే చూచును. కావున మూడడుగుల యెత్తు వలతీగ కట్టి, అడుగుభాగమును జానెడు భూమిలో పూడ్చిన చాలును. మొలకకాలము గడచినపిమ్మట దానిని చుట్టి మఱియొక చేనికి మార్చుకొనవచ్చును. ఒక్కొక్క రైతు కొనుట భారము. సంఘము కొని వంతులవారీగా అద్దెకిచ్చిన భారము గాదు. మామిడిమొక్కల మొదళ్లకు వెదురుతడికగాని రేకుగాని చుట్టవలయును. నష్టము నిజముగా మితిమీఱినచో, నిలిచిన పైరుకు హాని చేయు జంతువునుగూర్చి అనుమతి నిచ్చు అధికారము అటవీశాఖ పెద్దలకు చట్టములోనే గలదు. ఒక్కని అర్జీకంటె నలువది మంది చేవ్రాళ్లతో సంఘము పంపు అర్జీకి బలమెక్కువ. అంతేగాని కరెంటుతీగలు పఱచుట మాత్రము ఎవరును తలంపరాదు. ఆ తీగలవలన మన చిత్తూరు జిల్లాలో ఏనుగులును మనుష్యులును చచ్చిన సంగతి అందఱ మెఱుగుదుము.

వేటకు వచ్చు కుఱ్ఱవాండ్రు పరాయివారు గారు. చాలమంది మన బిడ్డలే, పని చాలక రాత్రులు తిరుగువారే. వారిని పోలీసువారికి పట్టియిచ్చుటతో మన ధర్మము తీరదు. ఇందుకు మనకు సమీపముననే యొక దృష్టాంతము గలదు. ఇరుళవారు పాములను పట్టి చర్మము లమ్ముకొని బ్రదుకుచుండిరి. 1972 చట్టముతో ఆ వృత్తి పోయెను. అప్పుడు వారు దొంగవేటకు దిగక, 1978లో మదరాసునకు దక్షిణమున వడనెమ్మేలివద్ద సహకారసంఘముగా నేర్పడిరి. పామును పట్టి, విషము తీసి, మరల అడవిలో విడిచిపెట్టుట వారి పని. ఆ విషముతో చేయు మందే పాముకాటు తిన్న రైతుల ప్రాణములను నిలుపుచున్నది. వేటనేర్పు చెడ్డది గాదు. దానికి త్రోవ చూపినది సహకారము. మన కుఱ్ఱలకు రాత్రి కావలిపనిని కూలికిచ్చి, కాళ్లకు బూట్లును చేతికి లాంతరును సంఘము సమకూర్చినచో, కుందేళ్లను గొట్టు కన్నులే పందులను గనిపెట్టును.

తిరుమలలో సంక్రాంతి దినములయందు శ్రీ మలయప్పస్వామికి పార్వేట యుత్సవము జరుగును. స్వామి వేటకు వేంచేయును, ఈటె విసరబడును, కాని జంతువు చావదు. వేటలోని సంబరము నిలుపుకొని హింసను విడుచుట మన ప్రాంతమునకు తెలియని విద్య గాదు.

కావున వచ్చు సర్వసభ్య సమావేశమున మూడు తీర్మానములు చేయవలయునని మా మనవి. మొదటిది, సభ్యులెవ్వరును తమ చేలలో దీపపు వేటను సాగనీయరాదు. రెండవది, సంఘనిధినుండి వలతీగ కొని వంతులకు ఈయవలయును. మూడవది, పైరునష్టమును వ్రాసి యుంచుటకు సంఘకార్యాలయమున పుస్తక మొకటి తెఱువవలయును. తా బట్టిన కుందేటికి మూడే కాళ్లని పట్టుబట్టువారు మనలో నుండకపోరు. వారికి మా సమాధాన మొక్కటే: ఆ రాత్రి బకెట్టుకు దగిలిన గుండు జానెడు ఇవతలికి వచ్చియున్నచో ఈ వ్రాత వ్రాయుటకు మేముండకపోదుము. రేపు మీ చేనిలో మంచముపై పరుండువాడు మీ బిడ్డ కావచ్చును.