ఏంజెల్ చేప పక్కన పగడం వద్దు

హిందూపురంలోనో, ధర్మవరంలోనో రంగుచేపలు అమ్మే దుకాణం ముందు మీరెప్పుడైనా ఆగారా? గాజుతొట్టిలో ముక్కోణపు ఆకారంతో, పొడవాటి రెక్కలతో, ఒంటిమీద నల్లని నిలువు చారలతో నెమ్మదిగా తిరిగే చేప ఒకటి కనిపిస్తుంది. అదే ఏంజెల్ చేప. దాన్ని ఇంటికి తెచ్చుకున్నవాళ్ళు కొందరు, తొట్టికి అందం వస్తుందని అడుగున తెల్లని పగడపు ముక్క పెడతారు. ఆ ముక్క ఎవరో రామేశ్వరం యాత్రకు వెళ్ళినప్పుడు తెచ్చినదై ఉంటుంది. రెండూ నీటిలో ఉండేవే కదా, పక్కపక్కన ఉంటే తప్పేమిటి అనిపిస్తుంది. ఆ ముక్కను తొట్టిలో పెట్టకూడదనీ, అసలు కొననే కూడదనీ నా అభిప్రాయం. కారణాలు వరుసగా చెబుతాను. చదివి, మీరే ఆలోచించి చూడండి.

ముందు పేరు సంగతి తేల్చుకుందాం. ఏంజెల్ అనే పేరుతో రెండు వేరువేరు కుటుంబాల చేపలున్నాయి. మన దుకాణాల్లో మామూలుగా దొరికేది మంచినీటి చేప. దాని సొంత చోటు దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీ ప్రాంతం. శాస్త్రీయ నామం టెరోఫిల్లం స్కలేర్. గ్రీకు భాషలో టెరోఫిల్లం అంటే 'రెక్కల ఆకు' అని అర్థం. నీటిమొక్కల మధ్య నిలబడితే దాని చారలు కాడల నీడల్లో కలిసిపోతాయి.

రెండోది సముద్రపు ఏంజెల్. ఇందులో సుమారు 90 జాతులున్నాయి. ఇవి ఎక్కువగా పగడపు దిబ్బల దగ్గర బతుకుతాయి. వీటి మొప్పల మూత దగ్గర ఒక గట్టి ముల్లు ఉంటుంది. వీటిని పోలిన సీతాకోకచిలుక చేపలకు ఆ ముల్లు ఉండదు.

"అయితే సముద్రపు ఏంజెల్‌నే తెచ్చి, సజీవ పగడాలతో కలిపి పెంచవచ్చు కదా?" అని మీరు అడగవచ్చు. విదేశాల్లో కొందరు అలా పెంచుతున్నారు. కాని అది వాళ్ళకూ సులభం కాలేదు. చక్రవర్తి ఏంజెల్ అనే పెద్ద చేప 40 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. స్పంజికలు దాని ముఖ్యాహారం. తొట్టిలో పెడితే పగడాల మెత్తని భాగాలను కూడా కొరుకుతుంది. మరుగుజ్జు ఏంజెల్ చేపలు శైవలాలను మేస్తూ మేస్తూ పగడాన్నీ పొడుస్తాయి. ఒక చేప పొడవదు, అదే జాతికి చెందిన మరొకటి పొడుస్తుంది, ముందుగా చెప్పలేం. నీటిలో తేలే సూక్ష్మజీవులను తినే జెనికాంథస్ ప్రజాతి చేపలు మాత్రం పగడాల జోలికి సాధారణంగా పోవు.

మరి సముద్రంలో ఈ చేపల వల్ల పగడాలు నశించిపోవడం లేదే? దిబ్బ కిలోమీటర్ల పొడవుంటుంది. చేప ఇక్కడొక ముక్క, అక్కడొక ముక్క కొరికి ముందుకు సాగిపోతుంది. కొరికిన చోట గాయం మానుతుంది. మూడడుగుల తొట్టిలో కొరకడానికి ఉన్నది ఆ ఒక్క పగడమే. చేప గుణం మారలేదు, చోటు మారింది.

ఇప్పుడు పగడం సంగతి. అది రాయి కాదు, మొక్కా కాదు. పాలిప్ అనే చిన్న జంతువులు వేలాదిగా కలిసి కట్టుకున్న ఊరు అది. ప్రతి పాలిప్ సముద్రపు నీటి నుంచి కాల్షియం కార్బొనేట్‌ను రాబట్టి తన కింద గూడు కట్టుకుంటుంది. దాని కణాల్లో సూక్ష్మ శైవలాలు కాపురముంటాయి. అవి సూర్యరశ్మితో ఆహారం తయారుచేసి పాలిప్‌కు పంచుతాయి. నీరు ఆ చోటి మామూలు వేసవి వేడికన్నా ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే, పాలిప్ ఆ శైవలాలను బయటకు పంపేస్తుంది. అప్పుడు పగడం తెల్లబోతుంది. వేడి తగ్గకపోతే ఆకలితో చచ్చిపోతుంది. రామేశ్వరం పక్కనున్న మన్నారు సింధుశాఖలో 1998, 2010, 2016 సంవత్సరాల్లో పగడాలు ఇలాగే తెల్లబోయాయి.

ఇంత సున్నితమైన ప్రాణిని మన ఊళ్ళో నిలబెట్టాలంటే ఏం కావాలో లెక్క వేయండి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. 200 లీటర్ల తొట్టికి 7 కిలోలు కావాలి. వారానికి పదోవంతు నీరు మార్చినా 20 లీటర్లు. అది బోరు నీరు కాకూడదు, శుద్ధి చేసినది కావాలి. ఇంట్లో వాడే శుద్ధియంత్రం ఒక లీటరు మంచినీటికి రెండు మూడు లీటర్లు పారబోస్తుంది. మన ప్రాంతంలో ఏడాది మొత్తానికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. పెన్న, చిత్రావతి ఏడాదిలో ఎన్ని నెలలు ఇసుకగా ఉంటాయో మీకు తెలుసు. ధర్మవరంలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఒక మధ్యాహ్నం కరెంటు పోతే తొట్టిలో నీరు ఎంత వేడెక్కుతుందో ఊహించండి.

"సజీవ పగడం వద్దు సరే, చచ్చిన ముక్క పెడితే ఎవరికి నష్టం?" ఇది మంచి ప్రశ్న. దీనికి మూడు జవాబులున్నాయి.

మొదటిది, చట్టం. మన దేశంలో 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 2001లో దిబ్బలు కట్టే పగడాలన్నిటినీ దాని మొదటి షెడ్యూలులో చేర్చారు. పులి ఉన్నదీ ఆ షెడ్యూలులోనే. పులిగోరు కొనకూడదని తెలిసిన మనం పగడపు ముక్కను బొమ్మలా బేరమాడి కొనడం ఏం న్యాయం?

రెండోది, వయస్సు. గుండ్రంగా పెరిగే పగడాలు ఏడాదికి ఒక సెంటీమీటరుకు అటూ ఇటూ మాత్రమే పెరుగుతాయి. మీ పిడికిలంత ముక్క తయారు కావడానికి ఎన్నేళ్ళు పట్టి ఉంటుందో మీరే చెప్పండి. మన్నారు సింధుశాఖలోని 21 దీవుల చుట్టూ ఉన్న దిబ్బలను కాపాడాలని 1986లో సముద్ర జాతీయ పార్కుగా ప్రకటించారు. కొనేవాళ్ళుంటే తవ్వేవాళ్ళూ ఉంటారు.

మూడోది, మీ చేప. ఏంజెల్‌కు మెత్తని, కొద్దిగా ఆమ్లగుణం ఉన్న నీరు ఇష్టం. మన బోరు నీరు అసలే కఠిన జలం. నీళ్ళు కాచే గిన్నెలో పేరుకొనే తెల్లని పొర చూడండి. అదీ పగడపు గూడూ ప్రధానంగా ఒకే పదార్థం, కాల్షియం కార్బొనేట్. చేప వదిలే కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగి ఆ ముక్కను కొద్దికొద్దిగా కరిగిస్తుంది. కఠినత్వం ఇంకా పెరుగుతుంది, నీరు క్షారగుణం వైపు జరుగుతుంది.

దీన్ని పగడం లేకుండానే పరీక్షించవచ్చు. గుడ్డుపెంకు కూడా కాల్షియం కార్బొనేటే. దానిమీద నిమ్మరసం పిండండి. బుడగలు వస్తాయి. పెనుకొండ చుట్టుపక్కల ఎక్కడ చూసినా కనిపించే గ్రానైటు గులకరాయి మీద పిండండి. బుడగలు రావు. మీ తొట్టికి తగిన రాయి ఏదో తెలిసింది కదా!

ఒక ఆక్షేపణకు జవాబు చెప్పాలి. "సముద్రం చూడని పిల్లలకు పగడం చూపించకపోతే దానిమీద ప్రేమ ఎలా పుడుతుంది?" అని పెద్దలు కొందరంటారు. ఆ మాటలో నిజముంది. చూపించాల్సిందే, కాని బతికున్న పగడాన్ని దాని చోటనే చూపించాలి. శాస్త్రజ్ఞులు కూడా పగడపు ముక్కలను చేత పడతారు. మన్నారు సింధుశాఖలో వాటిని దిమ్మెలకు కట్టి, పాడైన దిబ్బల మీద మళ్ళీ నాటుతున్నారు. వాళ్ళు సముద్రానికి ఇస్తున్నారు. మనం సముద్రం నుంచి తీసుకుంటున్నాం. ఈ రెంటికీ తేడా ఉంది.

కాబట్టి ఏంజెల్‌ను పెంచండి, శ్రద్ధగా పెంచండి. అది తరతరాలుగా తొట్లలోనే పుట్టి పెరుగుతున్న చేప. దాన్ని కొంటే ఏ నదీ వెలితి పడదు. తొట్టి ఎత్తు ఒకటిన్నర అడుగులకు తగ్గకుండా చూడండి. తొలి వాన వదిలేసి, శుభ్రమైన డాబా మీద పట్టిన వాననీటిని బోరు నీటిలో కలపండి. కుళాయి నీరైతే క్లోరిన్ పోవడానికి ఒక రోజు తెరిచి ఉంచండి. నాలుగు గ్రానైటు రాళ్ళు, కొన్ని నీటిమొక్కలు, నిలువుగా ఆనించిన ఒక పలక ముక్క పెట్టండి. జత కుదిరితే ఆ పలక మీదే గుడ్లు పెట్టి, తల్లీ తండ్రీ రెక్కలతో విసురుతూ కాపలా కాస్తాయి.

ఈసారి మీ ఇంట్లోవాళ్ళు రామేశ్వరం వెళితే, "గవ్వలూ పగడాలూ తేవద్దు, చూసిన సంగతులు తెచ్చి చెప్పండి" అని అడగండి. పెద్దలు కారణం అడిగితే నిమ్మకాయ, గుడ్డుపెంకు తీసి చూపించండి.