తలుపు బయటి నమ్మకం

2021 జులైలో కోనసీమలో, రాజోలు మండలం కడలి గ్రామంలో, ఇంటి స్థలం కాగితాలకు వేలిముద్ర వేయించుకోవడానికి ఒక గ్రామ వాలంటీరు ఓ కుటుంబం దగ్గరికి వెళ్లాడు. ఎంత పిలిచినా వాళ్లు బయటికి రాలేదు. వస్తే చచ్చిపోతామన్నారు. పొరుగున ఒకరు కరోనాతో పోయాక, ఆ భయంతో పదిహేను నెలలుగా వాళ్లు లోపలే ఉండిపోయారు. పోలీసులు బయటికి తెచ్చేసరికి జుట్టు జడలు కట్టి ఉంది. ఒంటికి నీళ్లు తగిలి ఎన్నాళ్లయిందో! మలమూత్రాలూ అక్కడే. ఇంకో రెండు మూడు రోజులు అలాగే ఉంటే ప్రాణాలు దక్కేవి కావని ఊరి సర్పంచి చెప్పాడు.

మరుసటి ఏడాది డిసెంబరులో కాకినాడ జిల్లా కుయ్యేరులోనూ ఇలాంటిదే బయటపడింది. తల్లీ కూతుళ్లిద్దరు రెండేళ్లకు పైగా గది దాటలేదు. ఇంటాయన తిండి అందిస్తూ వచ్చాడు. చివరికి అతణ్ణీ దగ్గరికి రానివ్వకపోతే ఆరోగ్య సిబ్బంది, పోలీసులు కలిసి ఆసుపత్రికి చేర్చారు.

పత్రికలన్నీ లోపలివాళ్ల భయం గురించే రాశాయి. నన్ను ఆలోచనలో పడేసింది మరో వివరం. కడలిలో ఆశా కార్యకర్తలూ వాలంటీర్లూ ఆ ఇంటికి వెళ్తూనే ఉన్నారు. ఎవరూ పలక్కపోతే వెనక్కి వచ్చేసేవారు. వాళ్లను తప్పుపట్టడం లేదు, మనలో ఎవరమైనా అదే చేస్తాం. "వాళ్లింటి గొడవ మనకెందుకు" అనేది కూడా ఒక నమ్మకమే. గాలి సోకిందనే నమ్మకాన్ని ప్రశ్నించినంత గట్టిగా దీన్ని మనం ఎప్పుడూ ప్రశ్నించలేదు.

మా బందరు వైపు ఆచారాలు ఈ నమ్మకానికి కాపలా కాస్తాయి. చావు జరిగిన ఇంట్లో పెద్దకర్మ వరకు మనుషులు కిటకిటలాడతారు. ఆ రోజుల్లో పొరుగువాళ్లు వండి తెచ్చే అన్నం, పక్కన పడుకునే తోడు నిజంగా మేలు చేస్తాయి, కాదనను. ఆ తర్వాత ఏమవుతుంది? పరామర్శకు మంగళవారం పనికిరాదు, శుక్రవారం పనికిరాదు. ఆ ఇంటివాళ్లు ఏడాది పాటు పెళ్లికి పోకూడదు, గుడి మెట్లెక్కకూడదు, పండగ చేసుకోకూడదు. భర్త పోయిన మనిషి ఎవరికీ ఎదురు రాకూడదు. మనిషికి మనిషి అవసరం మొదలయ్యే వేళకు వీధి ఖాళీ అవుతుంది. దుఃఖం ముదిరి జబ్బుగా మారినా బయటివాళ్ల కంటికి అది ఆచారం పాటించడంలాగే కనిపిస్తుంది. "పాపం, ఇంకా తేరుకోలేదు" అని సరిపెట్టుకుంటాం.

వీటన్నిటికీ పైన ధనిష్ఠా పంచకం ఉంది. ధనిష్ఠ రెండో సగం నుంచి రేవతి దాకా చంద్రుడు ఉండగా ఎవరైనా పోతే ఇల్లు ఖాళీ చేసి పాడుపెట్టాలంటారు. మూడు నెలలా, ఆరు నెలలా అన్నది నక్షత్రాన్ని బట్టి, పురోహితుణ్ణి బట్టి మారుతుంది. పాడుపెట్టకపోతే ఆ ఇంట్లో మరిన్ని చావులు తప్పవట. ఇరవై ఏడు నక్షత్రాల్లో నాలుగున్నర అంటే సరిగ్గా ఆరో వంతు. అంటే ఏ ఊళ్లోనైనా, ఏ మతంలోనైనా, ప్రతి ఆరు చావుల్లో సగటున ఒకటి పంచకంలోనే పడుతుంది. ఈ లెక్క పట్టింపు లేనివాళ్ల ఇళ్లలోనూ చావులు పంచకంలో పడుతూనే ఉన్నాయి. వాళ్లెవరూ ఇల్లు వదలడం లేదు, వరసబెట్టి చావడమూ లేదు.

ఇంతకంటే పెద్ద రుజువు దివిసీమలో ఉంది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చిన రోజు శుద్ధ అష్టమి దాటి ఉంది, చంద్రుడు కుంభరాశిలో, అంటే పంచకంలోనే ఉన్నాడు. అధికార లెక్కల్లోనే పదివేల మంది దాకా పోయారు. "చూశారా, పంచకం మహిమ" అనేవాళ్లుంటే, ఆ చంద్రుడు అక్టోబరులోనూ డిసెంబరులోనూ అక్కడికే వచ్చాడని గుర్తు చేయాలి. ముంచింది బంగాళాఖాతంలో పుట్టిన తుపాను, అది ఎగదోసిన సముద్రం. శవాలను గుట్టలుగా వేసి కాల్చారు. కర్మలు లేవు, పాడుపెట్టడానికి ఇళ్లే లేవు. బతికినవాళ్లు నెలలు లెక్కపెట్టకుండా అదే నేల మీద మళ్లీ గుడిసెలు వేసుకున్నారు. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ఇవాళ్టికీ జనంతో నిండే ఉన్నాయి.

ఆ బతికినవాళ్ల మనసుల మాటేమిటని మాత్రం చాలాకాలం ఎవరూ అడగలేదు. విపత్తు బాధితులకు మానసిక సహాయం అందించడంపై జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ మార్గదర్శకాలు వెలువడింది 2009 డిసెంబరులో. ఉప్పెనకు, వాటికి మధ్య ముప్పై రెండేళ్లు.

అయినవాళ్లు పోయాక ఆరు నెలలు దాటినా రోజువారీ బతుకు సాగనివ్వనంత దుఃఖం ఉంటే, దాన్ని వైద్యం అవసరమైన స్థితిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త వర్గీకరణ గుర్తించింది. మన దగ్గర ఆ ఆరు నెలలూ తాయెత్తులతో గడిచిపోతాయి. ఎవరో చేయించారంటారు. భూతవైద్యుడి దగ్గరికి, దర్గాకు, స్వస్థత ప్రార్థనకు తిప్పుతారు. ఈ విషయంలో మతాల మధ్య తేడా ఏమీ లేదు. ఇంట్లో పెళ్లి కావలసిన పిల్ల ఉంటే ఆ తిప్పడం కూడా చీకటి పడ్డాకే. "ఫలానా ఇంట్లో మతి స్థిమితం లేని మనిషి ఉంది" అని పొక్కితే సంబంధాలు రావు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. డాక్టర్ల కొరత ఒక్కటే దీనికి కారణం కాదు. పరువు పేరుతో వేసిన గడియ కూడా కారణమే.

హేతువాదులకూ ఇక్కడ ఆలోచించవలసిన సంగతి ఉంది. బందరు హిందూ కళాశాలలో పాఠాలు చెప్పిన గోరా, 1940లో ఉయ్యూరు దగ్గర ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టాడు. ఆ కేంద్రం నిప్పుల మీద నడిచి చూపించి, అందులో మహిమ లేదని వేలమందికి నచ్చజెప్పింది. అది నడిబజారులో నిలబడి చేసే పని, అక్కడ దానికి తిరుగులేదు. మూసిన గదిలో ఉన్న జబ్బు మనిషి దగ్గర అది పనిచేయదు. మూఢనమ్మకం ఊరంతా పంచుకునేది, అనుభవం చూపిస్తే సడలుతుంది. భ్రమ మెదడులో పుట్టే జబ్బు, వాదించే కొద్దీ బిగుసుకుంటుంది. అయితే ఆ భ్రమకు మాటలు మాత్రం ఊరే ఇస్తుంది. చేతబడి గురించి వింటూ పెరిగిన మనిషికి భయం చేతబడి రూపంలో వస్తుంది, కరోనా కాలంలో కరోనా రూపంలో వస్తుంది.

ఒకరి భ్రమ ఇల్లంతా పాకడాన్ని లాసెగ్, ఫాల్రే అనే ఫ్రెంచి వైద్యులు 1877లోనే వివరించారు. లోకంతో రాకపోకలు తెగిన కుటుంబంలోనే అది పెరుగుతుందని, మొదటి మనిషి నుంచి విడదీస్తే మిగతావాళ్లు తేరుకోవచ్చని వాళ్లు గమనించారు. బయటి గొంతు వినిపించని చోట అబద్ధాన్ని అబద్ధమనేవాళ్లు ఉండరు. చదువు కూడా అడ్డుపడదు. 2021 జనవరిలో మదనపల్లెలో పాఠాలు చెప్పుకుని బతికే తల్లిదండ్రులు, మళ్లీ బతికి వస్తారనే నమ్మకంతో తమ ఇద్దరు ఆడపిల్లలను చంపుకున్నారు. తర్వాత వాళ్లను విశాఖ మానసిక వైద్యశాలకు పంపారు. ఆ ఘటనను మూఢత్వమని తిట్టి వదిలేసిన వ్యాసాలు చాలా చదివాను. అంతకు ముందే ఆ ఇంటికి ఒక డాక్టరు వెళ్లే దారి మన సమాజంలో ఉందా అని అడిగినవి మాత్రం చాలా తక్కువ.

దారి చట్టంలో ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షను రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో కట్టకూడదంటుంది. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో దర్గా చుట్టూ నడిచిన ఆశ్రమాల్లో ఒకటి తగలబడినప్పుడు, గొలుసుల్లో ఉన్న 28 మంది పారిపోలేక కాలిపోయారు. 101వ సెక్షను ఇంకా ముఖ్యం. మానసిక జబ్బుతో ఉన్న మనిషిని చూసుకోవలసినవాళ్లే హింసిస్తున్నారని, నిర్లక్ష్యం చేస్తున్నారని నమ్మడానికి కారణం ఉంటే, ఆ సంగతి ఎవరైనా స్టేషనులో చెప్పాలి. పోలీసు అధికారి దాన్ని మేజిస్ట్రేటుకు నివేదించాలి. పక్కింటి విషయం మనది కాదన్న మాటకు చట్టంలో చోటు లేదు.

పోలీసుల దాకా పోవడానికి మనసొప్పకపోతే 14416 నంబరు ఉంది. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ అది. ఫోన్ చేయడానికి పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు, జబ్బు మనిషి తరఫున ఇంకొకరూ చేయొచ్చు. బందరులో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తోంది. దివిసీమ లంకల నుంచి గర్భిణిని పడవ దాటించి ఆసుపత్రికి చేర్చే ఆశా కార్యకర్తకు ఊళ్లో ఏ తలుపు ఎన్నాళ్లుగా తెరుచుకోలేదో తెలుసు. ఆ సమాచారం రాసుకోవడానికి ఆమె రిజిస్టరులో ఒక గడి పెట్టాలి. అలాంటి ఇంటికి నెలకొకసారి మానసిక వైద్యుణ్ణి వెంటబెట్టుకుని వెళ్లే అధికారం ఆమెకు ఉత్తర్వు రూపంలో ఇవ్వాలి. పెద్దకర్మ అయిన మర్నాడు, అది మంగళవారమైనా శుక్రవారమైనా, ఆ ఇంటికి వెళ్లే పని మాత్రం ఏ ఉత్తర్వూ లేకుండా మనం ఇవాళే మొదలుపెట్టొచ్చు.