ఊరేగింపు వీధిలో.. వినేవాళ్లు మన ఇంట్లో

హైదరాబాద్‌లో ప్రైడ్ ఊరేగింపు 2013లో మొదలైంది. దాన్నే స్వాభిమాన యాత్ర అంటున్నారు. ఇంద్రధనుస్సు జెండాలు పట్టుకుని నడిచే ఆ దృశ్యం టీవీలో కనపడగానే ఇళ్లల్లో తలోమాట వినిపిస్తుంది. 'పాపం, వాళ్లూ మనుషులేగా' అని ఒకరంటారు. 'కలికాలం' అంటూ ఛానల్ మార్చేస్తారు మరొకరు. 'ఎలాగైనా ఉండండి, రోడ్డెక్కడం ఎందుకు' అన్నది ఇంకో మాట. 'పిల్లలు చూస్తే ఏమైపోతారు' అన్న భయం సరేసరి.

ఎవరి అభిప్రాయం వారిది. ఆ వేషధారణ మీకు నచ్చకపోవచ్చు. స్వలింగ వివాహాలపై భిన్నాభిప్రాయాలు ఉండొచ్చు. సుప్రీంకోర్టు కూడా 2023 అక్టోబరు 17న వాటికి చట్టబద్ధత ఇవ్వలేమని, అది చట్టసభలు తేల్చాల్సిన విషయమని చెప్పింది. అందులో డాక్టరుగా నేను తీర్పు చెప్పేదేమీ లేదు. అయితే ఈ మాటల మధ్యే 'ఇదో జబ్బు', 'చూస్తే అంటుకుంటుంది', 'పెళ్లి చేస్తే కుదురుతుంది' అనేవీ దొర్లిపోతుంటాయి. ఇవి వైద్యానికి సంబంధించినవి. వీటికి స్పష్టమైన సమాధానాలే ఉన్నాయి.

జబ్బేనా?

కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వలింగ ఆకర్షణను జబ్బుల జాబితా నుంచి 1990 మే 17న తీసేసింది. అమెరికా మానసిక వైద్యుల సంఘం అంతకుముందే, 1973లోనే ఆ పని చేసింది. మన మానసిక వైద్యుల సంఘం కూడా ఇది మానసిక వ్యాధి కాదని 2018లో ప్రకటించింది. అదే ఏడాది సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377వ సెక్షన్‌పై తీర్పునిచ్చి, పరస్పర అంగీకారంతో ఉండే వయోజనుల బంధాన్ని నేరాల నుంచి తప్పించింది.

ట్రాన్స్‌జెండర్ల విషయం కాస్త వేరు. ఎవరి పట్ల ఆకర్షణ అన్నది ఒకటి, తాను ఆడా మగా అన్న లోపలి భావన మరొకటి. పుట్టుకతో గుర్తించిన లింగానికీ ఈ భావనకూ పొంతన కుదరని స్థితిని కూడా 2022 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త జాబితాలో మానసిక వ్యాధుల అధ్యాయం నుంచి తప్పించారు.

చూస్తే అంటుకుంటుందా?

మన సినిమాల్లో దాదాపు అన్నీ అబ్బాయి-అమ్మాయి ప్రేమకథలే. పుట్టినప్పటి నుంచీ అవే చూస్తూ, అవే పాటలు వింటూ పెరిగినవాళ్లలోనూ స్వలింగ ఆకర్షణ ఉన్నవాళ్లున్నారు. వందల సినిమాలు మార్చలేనిది ఒక్క ఊరేగింపు ఎలా మారుస్తుంది? దీనికి ఫలానా ఒక్కటే కారణమని శాస్త్రం తేల్చలేదు. జన్యువులు, గర్భంలో ఉన్నప్పటి హార్మోన్ల ప్రభావం లాంటివి కలిసి పనిచేస్తాయని అంచనా. పెంపకంలో లోపం వల్ల వస్తుందనడానికి మాత్రం ఆధారాల్లేవు. కాబట్టి 'మేమెక్కడ తప్పు చేశాం' అని తల్లిదండ్రులు కుమిలిపోనక్కర్లేదు.

రోడ్డెక్కడం ఎందుకు?

ఇది చాలామంది మర్యాదస్తులు అడిగే ప్రశ్నే. 1999 జులై 2న కోల్‌కతాలో దేశంలోనే తొలి నడక జరిగినప్పుడు వచ్చింది పదిహేను మందే. 2008 జూన్ 29న ఢిల్లీ, బెంగళూరు, కోల్‌కతాల్లో ఒకేరోజు ఊరేగింపులు జరిగితే, ఢిల్లీలో చాలామంది మాస్కులతో ముఖాలు దాచుకుని నడిచారు. ఇంట్లో తెలుస్తుందన్న భయం!

ఆ దాపరికానికి ఆరోగ్యం మూల్యం చెల్లిస్తుంది. గుండెదడ, నిద్ర పట్టకపోవడం, తలనొప్పి, కడుపుబ్బరం అంటూ మెడిసిన్ ఓపీకి వచ్చే యువతీయువకుల్లో ఈసీజీ, థైరాయిడ్, రక్తపరీక్షలు అన్నీ నార్మల్‌గా ఉండేవాళ్లు ఎందరో. అందరిదీ ఒకే కారణం కాదు. కానీ పక్కన అమ్మో నాన్నో కూర్చుని ఉంటే కొందరు అసలు బాధ ఎప్పటికీ చెప్పలేరు. చెప్పుకోలేనివాళ్లు సుఖవ్యాధులకు, హెచ్‌ఐవీకి పరీక్షలూ చేయించుకోరు. లైంగికంగా హెచ్‌ఐవీ సోకేది అరక్షిత సంబంధాల వల్లే తప్ప ఎవరిని ఇష్టపడ్డామన్న దాన్ని బట్టి కాదు. త్వరగా గుర్తిస్తే మందులతో నిండు జీవితం గడపొచ్చు. ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాల్లో ఆ మందులు ఉచితం. 2017 నాటి చట్టం ప్రకారం వివరాలు గోప్యంగానే ఉంచాలి.

'పెళ్లి చేస్తే సర్దుకుంటుంది'

అన్నిటికంటే ప్రమాదకరమైన సలహా ఇదే. పెళ్లి ఆకర్షణను మార్చదు. ఏమీ తెలియని ఇంకో ఇంటి బిడ్డను కూడా ఆ బాధలోకి లాగుతుంది. మన అమ్మాయికి అలాంటి సంబంధం వస్తే ఊరుకుంటామా?

'మారుస్తాం' అంటూ హార్మోన్ ఇంజెక్షన్లు, మత్తుమందులు, పూజల పేరిట డబ్బులు గుంజేవాళ్లూ ఉన్నారు. ఈ కన్వర్షన్ థెరపీ పనిచేస్తుందన్న రుజువు లేదు, హాని చేస్తుందన్న రుజువులున్నాయి. మద్రాసు హైకోర్టు 2021లో ఇలాంటి ప్రయత్నాలను నిషేధించాలంది. 2022లో జాతీయ వైద్య కమిషన్ దీన్ని వైద్యుల వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. ఏ డాక్టరైనా 'మార్చేస్తా' అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

మీ మాట ఎవరు వింటున్నారు?

టీవీ ముందు మనం వేసే జోకులు ఊరేగింపులో నడిచేవాళ్లకు వినపడవు. పక్కన అన్నం తింటున్న పదిహేనేళ్ల కొడుకో కూతురో వింటారు. తన లోపల ఏదో తేడాగా ఉందని అప్పటికే భయపడుతున్న బిడ్డ అయితే, ఆరోజే ఒక నిర్ణయానికి వచ్చేస్తుంది.. 'ఈ ఇంట్లో చెప్పకూడదు' అని. కుటుంబం వెలివేసిన పిల్లల్లో కుంగుబాటు, ఆత్మహత్యా యత్నాలు ఎక్కువని, ఆదరించిన ఇళ్లల్లో ఆ ముప్పు తగ్గుతుందని పలు అధ్యయనాలు చెబుతున్నాయి. 2023లో పెళ్లి హక్కు కేసు విచారణ వేళ నాలుగు వందల మందికి పైగా తల్లిదండ్రులు తమ పిల్లల తరఫున సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి లేఖ రాశారు. వాళ్లందరూ మొదటిరోజే ఒప్పుకుని ఉండరు. సమయం పట్టి ఉంటుంది. మీకూ పట్టొచ్చు.

పిల్లలు చెబితే..

* ముందు పూర్తిగా వినండి. 'నాతో చెప్పావు, మంచి పని చేశావు' అన్న ఒక్క మాట చాలు. మిగతావి నెమ్మదిగా మాట్లాడుకోవచ్చు.
* బంధువులకు చెప్పాలా వద్దా అన్నది పిల్లల ఇష్టానికే వదిలేయండి.
* హడావుడిగా సంబంధాలు చూడకండి. ఫోన్ లాక్కోవడం, చదువు మాన్పించడం, గదిలో పెట్టడం వద్దు.
* నిద్ర, తిండి తగ్గినా, ఒంటరిగా ఉంటున్నా, 'బతకాలని లేదు' అన్నా వెంటనే మానసిక వైద్యులను కలవండి. చికిత్స కుంగుబాటుకే, ఆకర్షణకు కాదు.
* మీకే తట్టుకోవడం కష్టంగా ఉంటే మీరూ కౌన్సెలింగ్ తీసుకోవచ్చు.

టెలీ-మానస్ నంబరు 14416కు రాత్రీపగలూ ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. ఉచితం. తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరు ఇంట్లో అందరికీ తెలిసేలా ఫ్రిజ్ మీద రాసిపెట్టండి.