పాత రూపం, కొత్త బండి: చేను గట్టుకు సరిపోతుందా?

నర్సీపట్నం రోడ్ల మీద ఈమధ్య పాతకాలం రూపంతో కొత్త మోటారు సైకిళ్లు తిరుగుతున్నాయి. గుండ్రటి దీపం, ఒంపు తిరిగిన ట్యాంకు, నిటారుగా కూర్చునే సీటు. కుర్రాళ్లు ఇంట్లో పట్టుబడుతున్నది వీటికే. వీటిలో అందుబాటు ధర బండిగా పేరు పడింది రాయల్ ఎన్‌ఫీల్డ్ హంటర్ 350. 2022 ఆగస్టులో ఇది వచ్చినప్పుడు ప్రారంభ ధర షోరూంలో లక్షా యాభై వేల దగ్గర ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు బళ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గాక మోజు ఇంకా పెరిగింది.

ఇటీవల తెలిసినవారి బండి అడిగి తీసుకుని లంబసింగి ఘాట్ ఎక్కి దిగాను. బండి మంచిదే. మలుపుల్లో ఇంజను రొప్పదు, మాటిమాటికీ గేరు మార్చనక్కర్లేదు. సీటు ఎత్తు 80 సెంటీమీటర్లు మించదు కాబట్టి కాళ్లు నేలకు బాగానే ఆనతాయి. వెనక మనిషి కూర్చున్నా లాగుడు తగ్గలేదు.

అసలు సంగతి రోడ్డు దిగాక తెలుస్తుంది. బండి బరువు సుమారు 180 కిలోలు. మనకు అలవాటైన స్ప్లెండర్ 112 కిలోలే. అంటే ఖాళీ బండి మీదే ఒకటిన్నర యూరియా బస్తా ఎక్కినట్టు! తడి గట్టు మీద, గెడ్డ దాటేచోట ఒరిగితే ఒక్క మనిషి లేపడం కష్టం. పాలక్యాన్లు కట్టే క్యారియర్ బండితో రాదు. కిక్కు లేదు. తోటలో బ్యాటరీ దిగిపోతే ఏం చేస్తారు? మన పెద్దలు నడిపిన రాజ్‌దూత్‌ను కిక్కు కొట్టి లేపేవారు, బస్తా వేసి తోలేవారు. కొత్త బండి ఆనాటి రూపం తెచ్చుకుంది గానీ ఆ పనితనం తెచ్చుకోలేదు.

పెట్రోలు లెక్క కూడా చూడండి. రోజుకు 40 కిలోమీటర్లు తిరిగేవారికి లీటరుకు 35 ఇచ్చే బండికీ, 60 ఇచ్చే బండికీ తేడా దాదాపు అర లీటరు. లీటరు 110 రూపాయలనుకుంటే నెలకు 1,500 పైమాటే. దానిపైన అప్పు వాయిదా. చెరకు డబ్బు ఏడాదికోసారి వస్తుంది, వాయిదా మాత్రం నెలనెలా వస్తుంది. బెల్లం ధర పడిపోయిన ఏడాది ఫైనాన్సు వాళ్లు ఆగరు కదా!

ఇంట్లో పనికి వేరే బండి ఉండి, ఉద్యోగానికో ఊరి ప్రయాణానికో కావాలంటే ఇది నిక్షేపంగా కొనుక్కోవచ్చు. ఉన్నది ఒక్క బండే, చేనుకూ సంతకూ అదే దిక్కు అంటే మాత్రం నూరు సీసీ బండే మేలు. పిల్లల ముచ్చట కాదనమని చెప్పడం లేదు. షోరూం ముందు తారురోడ్డు మీద నడిపి మురిసిపోకుండా, ఆ బండే ఉన్న చుట్టాన్ని అడిగి, వెనక ఒక బస్తా వేసుకుని మీ చేను దాకా ఒకసారి తోలి చూడండి. బయానా ఆ తర్వాతే ఇవ్వండి.