దూకడం కాదు, తాడు అందించడం నేర్పుదాం

న్యూఫౌండ్‌లాండ్ జాతి కుక్కకు ఈత పుట్టుకతో వచ్చిన విద్య. వేళ్ల మధ్య చర్మపు పొర, నీరు లోపలికి దిగనివ్వని దట్టమైన బొచ్చు, యాభై అరవై కిలోల బరువు. అయినా శిక్షణ లేకుండా దాన్ని మనిషిని కాపాడే పనికి పంపరు. అమెరికాలో ఆ జాతి కుక్కల క్లబ్బు ఒక్కో పనికీ పరీక్ష పెడుతుంది. మాట వినాలి, నీటిలో పడిన వస్తువు తేవాలి, తాడు నోట కరచుకెళ్లి నీళ్లలో ఉన్న మనిషికి అందించాలి, పడవను లాగాలి. ఇటలీలో 1989లో మొదలైన శిక్షణ సంస్థలో కుక్కతోపాటు యజమానీ సాధన చేస్తాడు.

మరి మన పిల్లలకో? గోదావరి ఒడ్డున యానాంలో పాఠాలు చెప్పే మాకు వేసవి సెలవులంటే గుబులు. ఒకడు మునుగుతుంటే ఈత వచ్చిన స్నేహితుడు దూకుతాడు. మునిగేవాడు భయంతో అతని మెడ పట్టేస్తాడు. ఇద్దరూ దక్కరు. అతని ధైర్యాన్ని తలుచుకుని ఏడుస్తాం. నేర్పని తప్పు మాత్రం పెద్దలమైన మనదే.

అంత పెద్ద కుక్కలను మన ఎండల్లో పెంచమనడం లేదు. ఆ సాధన తెచ్చుకుందాం. ఒక తాడు, మూత బిగించిన ఖాళీ క్యాన్ చాలు. ఆటల పీరియడ్‌లో బడి ఆవరణలోనే నేర్పవచ్చు. కేక వెయ్యి, పెద్దవాళ్లను పిలు, కర్ర అందించు, తాడు విసురు, నువ్వు మాత్రం దిగకు. గాభరాలో గుర్తొచ్చేది ఇంటి మాటే కనుక ఇది తెలుగులోనే నేర్పాలి.

పడవ నడిపే తండ్రులు ఈ పాఠానికి మాకంటే మంచి గురువులు. సెలవులకు ముందే వారిని బడికి పిలుద్దాం.