ఉంటున్నారా, ఉంటూ వచ్చారా?

“ఆయన పదేళ్లుగా జగదల్‌పూర్‌లో ఉంటున్నాడు” అన్న మాటను ఆంగ్లంలో చెప్పమంటే మనవారిలో పెక్కుమంది ‘హీ ఈజ్ లివింగ్’ అని మొదలుపెడతారు. దోషం వారి తెలివిలో లేదు, తెలుగు నుడికారంలో ఉంది. మన ‘ఉంటున్నాడు’ నిన్నటినీ నేటినీ ఒక్క క్రియతోనే మోయగలదు. ఆంగ్లానికి ఆ వెసులుబాటు లేదు. ‘హీ హాజ్ బీన్ లివింగ్’ అనక తప్పదు.

మరి ‘హాజ్ లివ్‌డ్’ అంటే తప్పా? కాదు. అయితే అన్ని క్రియలూ ఇంత ఉదారమైనవి కావు. బస్తరులోని కొండగాఁవ్‌లో ఘడవా శిల్పులు మట్టిముద్దపై మైనపు తీగలు చుట్టి, పైన మళ్లీ మట్టి మెత్తి, మైనం కరిగిపోయిన చోట ఇత్తడి పోసి బొమ్మలు చేస్తారు. ‘హీ హాజ్ మేడ్ ఎ లాంప్’ అంటే దీపం మన ఎదుట ఉన్నది. ‘హీ హాజ్ బీన్ మేకింగ్ ఎ లాంప్’ అంటే అతని వేళ్లకు మైనం అంటుకొని ఉన్నది. దీపం పూర్తి అయినదో లేదో తెలియదు. మొదటిదానికి ఫలితం ముఖ్యం, రెండవదానికి పని. కనుకనే పొద్దుటినుండి నాలుగు దీపాలు ముగించాడని లెక్క చెప్పేటప్పుడు ‘హాజ్ మేడ్’ అనే అనాలి. ‘నో’ వంటి క్రియలకైతే, ఎన్నేళ్ల పరిచయమైనా, ‘ఇంగ్’ సరిపడదు.

2006 నాటి అటవీ హక్కుల చట్టంలో ఈ రెండు రూపాలూ కనిపిస్తాయి. తరతరాలుగా అడవిలో నివసిస్తున్నవారిని పేర్కొనే శీర్షికావాక్యంలో ‘హావ్ బీన్ రెసైడింగ్’ అని ఉన్నది. గిరిజనేతర వనవాసులను నిర్వచించేచోట, 2005 డిసెంబరు 13కు పూర్వం మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, నివసించినవారు అంటూ ‘హాజ్ రెసైడెడ్’ అన్నారు. అక్కడ కావలసినది కొనసాగింపు కాదు, నిండిన లెక్క. గడచిపోయిన తేదీకి ‘హాజ్’ జతచేయడం వ్యాకరణరీత్యా అంత శోభించదు. శాసనాల భాష తీరే అంత.

2005లో సల్వాజుడుం మొదలైన పిమ్మట హింసకు వెరచి అనేక గొత్తికోయ కుటుంబాలు బస్తరు విడిచి గోదావరి ప్రాంతపు అడవులకు తరలివచ్చాయి. వారు బస్తరులో ‘హాడ్ బీన్ లివింగ్’. ఇక్కడ ‘హావ్ బీన్ లివింగ్’. తెలుగులో అది ‘ఉంటూ వచ్చారు’, ఇది ‘ఉంటున్నారు’. అర్జీలో ‘హాడ్’ ఉండవలసిన చోట ‘హావ్’ పడితే, గిరిజనుల సాగుకైనా ఆ డిసెంబరు తేదీనే అడిగే చట్టం ముందు, ఆ కుటుంబం అప్పటికి ఏ అడవిలో ఉన్నదన్నదే తారుమారవుతుంది.